ఉప్పుగాలి తగిలిన సర్క్యూట్ బోర్డు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, నాలుగున్నరకూ అయిదున్నరకూ మధ్య, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. దాని విసురు ఒక్కోసారి 165 దాకా వెళ్లింది. ఉద్దానం ప్రాంతంలోని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. ఊళ్లలో మళ్లీ దీపం వెలగడానికి రోజులు పట్టింది, కొన్ని చోట్ల వారాలు పట్టింది.

తుపాను నష్టం లెక్కల్లో కూలిన చెట్లు, ఎగిరిపోయిన పైకప్పులు, పగిలిన పడవలు ఉంటాయి. అరచేయంత ఆకుపచ్చ పలకలు ఉండవు. టీవీలో, ఇన్వర్టరులో, తోటలో బోరు మోటారును నడిపే ఆటోస్టార్టరులో, వీధి చివరి మంచినీళ్ల ప్లాంటులో, జీడి ఫ్యాక్టరీ తూకం యంత్రంలో, పడవ మీది జీపీఎస్‌లో ఉండే పలక అది. సర్క్యూట్ బోర్డు. వాన వెలిసి, కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే యంత్రం కదలదు. “బోర్డు పోయింది, కొత్తది వేయాలి” అన్న మాట వినిపిస్తుంది.

చాలాసార్లు అది తొందరపాటు తీర్పు. బోర్డు మీద పదుల నుంచి వందల దాకా భాగాలు ఉంటే, వాటిలో నిజంగా పాడైనవి రెండో మూడో ఉంటాయి. అవి ఎందుకు పాడయ్యాయో రసాయనశాస్త్రం చెప్పగలదు. కారణం తెలిస్తే మరమ్మతు దారి దొరుకుతుంది. కారణం తెలియకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే బాగున్న భాగం కూడా పోతుంది.

గాలిలోకి ఉప్పు ఎలా వస్తుంది?

టెక్కలి దగ్గరి నౌపడ ఉప్పు మడులకు పేరు పొందిన ఊరు. ఉప్పునీటిని మడుల్లో కట్టి ఎండకు వదిలితే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సోడియం క్లోరైడ్, అంటే వంటింటి ఉప్పే. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు మిగతావి.

ఎండకు ఆవిరైన నీరు ఉప్పును వెంట తీసుకుపోదు. గాలిలోకి ఉప్పును ఎక్కించేది అల. అల విరిగినప్పుడు కోటానుకోట్ల బుడగలు పుడతాయి. ప్రతి బుడగా పైకి వచ్చి పగులుతుంది. పగిలినప్పుడు దాని పైపొర తునకలై సన్నని తుంపరగా లేస్తుంది, అడుగు నుంచి చిన్న నీటి చుక్కలు పైకి చిమ్ముతాయి. ఆ చుక్కల్లోని నీరు గాలిలో ఆరిపోయి, కంటికి కనబడనంత చిన్న ఉప్పు కణాలు మిగులుతాయి. బరువైనవి ఒడ్డుకు దగ్గరలోనే రాలిపోతాయి. తేలికైనవి గాలితో పాటు లోపలికి ప్రయాణిస్తాయి.

అందుకే భావనపాడులోనో బారువలోనో ఒడ్డున ఉన్న ఇంట్లో కిటికీ ఊచలు తుప్పు పట్టినంత వేగంగా పలాసలోనో టెక్కలిలోనో పట్టవు. తుపాను వస్తే మాత్రం ఈ లెక్క మారుతుంది. మామూలు రోజుల్లో ఒడ్డు దాటని బరువైన కణాలు కూడా ఆ గాలికి ఎన్నో కిలోమీటర్లు లోపలికి వెళ్లి, ఇళ్లలో, దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో దిగుతాయి.

పొడిగా ఉన్నంతసేపు ఉప్పు కణం బోర్డును ఏమీ చేయదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ గాలిలోని నీటిని తానే లాక్కుని కరిగిపోతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమే చాలు. సముద్రపు ఉప్పులో రెండూ కలిసే ఉంటాయి. ఉద్దానం తీరంలో ఏడాదిలో ఎన్నో ఉదయాలు తేమ 75 శాతానికి పైనే ఉంటుంది. అంటే యంత్రం మీద వాన చుక్క పడనక్కర్లేదు. మూసిన డబ్బాలో, గోడకు బిగించిన పెట్టెలో, రాత్రికి రాత్రి బోర్డు మీద ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. మధ్యాహ్నం ఎండకు అది ఆరుతుంది. మళ్లీ రాత్రి తడుస్తుంది.

పలక మీద ఏముంది?

వియన్నాలో పుట్టి 1936లో ఇంగ్లండు చేరిన ఇంజనీరు పాల్ ఐస్లర్, వైర్లకు బదులు రాగి రేకు గీతలతో రేడియో సర్క్యూట్ తయారుచేసి చూపించాడు. అంతకు ముందు రేడియోలో ప్రతి భాగాన్నీ చేత్తో వైరు వేసి అతికేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐస్లర్ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ఇప్పటి బోర్డుల్లో ఎక్కువ భాగం గాజు నూలు బట్టను ఎపాక్సీ రెసిన్‌లో ముంచి గట్టిపరిచినవి. మందం సాధారణంగా 1.6 మిల్లీమీటర్లు. దాని మీద అతికిన రాగి పొర 35 మైక్రాన్లు, మనిషి వెంట్రుక మందంలో దాదాపు సగం. అవసరం లేని రాగిని రసాయనంతో కరిగించేస్తే మిగిలిన గీతలే ట్రాకులు. వాటి మీద పూసిన రక్షణ పూతే మనకు కనబడే ఆకుపచ్చ రంగు. భాగాల కాళ్లను రాగికి అతికేది సోల్డర్. మెకానిక్కులు లెడ్డు అనే పాత రకంలో 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉంటాయి. అది 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. యూరప్ 2006లో సీసాన్ని నిషేధించాక వచ్చిన తగరం, వెండి, రాగి మిశ్రమం కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. పాత ఐరన్‌తో కొత్త బోర్డు మీద పని సాగకపోవడానికి ఇదొక కారణం.

ఒక చిప్ కాలికీ పక్క కాలికీ మధ్య దూరం చాలా బోర్డుల్లో అర మిల్లీమీటరు కంటే తక్కువ. ఉప్పునీటికి దారి దొరికేది ఆ సందులోనే.

ఉప్పు, నీరు, వోల్టేజీ

ఉప్పునీరు కరెంటును మోస్తుంది. ఒక కాలికి 5 వోల్టులు, పక్క కాలికి సున్నా ఉంటే, మధ్యనున్న ఉప్పునీటి పొర చిన్న విద్యుత్ విశ్లేషణ తొట్టిగా మారుతుంది. పాజిటివ్ వైపు లోహం కరిగి అయానుగా నీటిలోకి దిగుతుంది. ఆ అయాన్లు నెగెటివ్ వైపు నడిచి, అక్కడ మళ్లీ లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లోహం చెట్టు కొమ్మల్లా పాజిటివ్ వైపు పెరుగుతుంది. దీన్ని డెండ్రైట్ అంటారు. అది అవతలి కాలిని తాకిన క్షణం షార్ట్. నీటి చుక్క, 5 వోల్టులు ఉంటే ప్రయోగశాలలో ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

తడిసిన యంత్రానికి కరెంటు ఇవ్వడం ఎందుకు ప్రాణాంతకమో దీన్నిబట్టి అర్థమవుతుంది. వానలో తడిసిన బోర్డు స్విచ్ వేయకుండా ఉంటే తుప్పు నెమ్మదిగా సాగుతుంది. “పనిచేస్తుందో లేదో చూద్దాం” అని స్విచ్ వేస్తే, వారాల్లో జరగాల్సిన నష్టం నిమిషాల్లో జరుగుతుంది.

క్లోరైడ్‌కు ఇంకో చెడ్డ గుణం ఉంది. రాగితో కలిసి కాపర్ క్లోరైడ్ అవుతుంది, అది తేమతో, ఆక్సిజన్‌తో చర్య జరిపి ఆకుపచ్చ పదార్థంగా మారుతుంది, ఆ చర్యలో క్లోరైడ్ మళ్లీ విడుదలై కొత్త రాగి మీదికి వెళ్తుంది. కొంచెం ఉప్పు చాలా రాగిని తినగలదు. పైపైన ఆకుపచ్చని గీకేసి ఊరుకుంటే నెల తిరిగేసరికి అక్కడే మళ్లీ కనబడేది ఇందుకే.

షార్ట్ అయ్యేంత ఉప్పు లేకపోయినా తిప్పలు తప్పవు. సెన్సర్ల నుంచి వచ్చే సంకేతాలు ఒక్కోసారి మైక్రో ఆంపియర్లలో ఉంటాయి. ఉప్పు పొర గుండా అంతే కరెంటు కారిపోతే, మోటారు పొద్దున తనకు తానే ఆగి మధ్యాహ్నం బాగా నడుస్తుంది. పొద్దున తేమ, మధ్యాహ్నం ఎండ. అలా వేళను బట్టి వచ్చిపోయే లోపం కనిపిస్తే ముందుగా ఉప్పును అనుమానించాలి.

పిన్‌బాల్ యంత్రాలు నేర్పిన పాఠం

పాత బోర్డులను బతికించే విద్యను అందరికంటే శ్రద్ధగా రాసి పెట్టుకున్నవారిలో పాత పిన్‌బాల్ యంత్రాల ప్రేమికులు ఉన్నారు. అద్దం కింద ఏటవాలు బల్ల, దాని మీద దొర్లే ఉక్కు గుండు, రెండు వైపులా దాన్ని తిరిగి కొట్టే ఫ్లిప్పర్లు: ఇదే పిన్‌బాల్. ఫ్లిప్పర్లు మొదట వచ్చింది 1947లో, షికాగోకు చెందిన గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ యంత్రంలో. 1970ల చివర్లో బాలీ, విలియమ్స్ కంపెనీలు విద్యుదయస్కాంత స్విచ్‌లైన రిలేలను తీసేసి మైక్రోప్రాసెసర్ బోర్డులు పెట్టాయి.

బాలీ వారి ఆనాటి బోర్డు మీద మోటరోలా 6800 ప్రాసెసర్, పక్కనే 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉండేవి. యంత్రం ఆపాక కూడా అత్యధిక స్కోరు గుర్తుండాలని ఆ బ్యాటరీ. సంవత్సరాలు గడిచాక అది కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, గాఢమైన క్షారం. ఆకుపచ్చ పూత కిందికి పాకి ట్రాకులను, చిప్ సాకెట్లను తినేస్తుంది. ఆ కాలపు బోర్డుల్లో చాలావాటికి చావు ఇలాగే వచ్చింది.

క్షారాన్ని ఆపాలంటే ఆమ్లం కావాలి. పిన్‌బాల్ మరమ్మతుదారులు నీళ్లు కలిపిన వెనిగర్‌తో ఆ చోటును రుద్ది, తర్వాత శుభ్రమైన నీటితో కడిగి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెడతారు. వెనిగర్ వేయకుండా తుడిచి కొత్త సాకెట్ అతికితే, మిగిలిన క్షారం దాన్నీ తింటుంది.

ఉద్దానం బోర్డుకు ఇందులో పనికొచ్చేది వెనిగర్ కాదు, ఆలోచన. బోర్డును పాడుచేసింది ఏది? సముద్రపు ఉప్పు అయితే అది తటస్థ లవణం. దానికి ఆమ్లమూ వద్దు, క్షారమూ వద్దు, కరిగించి తీసుకుపోయే నీరు కావాలి. రిమోట్‌లోనో గోడ గడియారంలోనో ఆల్కలైన్ రకం పెన్సిల్ సెల్ కారితే అది క్షారం, వెనిగర్ పనిచేస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీ నుంచి చిమ్మింది సల్ఫ్యూరిక్ ఆమ్లం, దానికి వంట సోడా కలిపిన నీరు. మూడూ రాగి మీద ఒకేలాంటి ఆకుపచ్చ, నీలి మచ్చలు పెడతాయి. మందు తారుమారైతే మచ్చ పోయినట్టే కనిపించి లోపల తినడం సాగుతుంది.

బాలీ బోర్డులో ఇంకో మంచి పద్ధతి ఉండేది. కరెంటు ఇవ్వగానే బోర్డు తనను తాను పరీక్షించుకుంటూ ఒక చిన్న ఎర్ర దీపాన్ని మిణుకుమనిపించేది. ఏడు మిణుకులు వస్తే అంతా బాగున్నట్టు. నడుమ ఆగిపోతే ఆ సంఖ్యను బట్టి ఏ చిప్‌ను చూడాలో మాన్యువల్ చెప్పేది. సర్క్యూట్ పటం యంత్రంతో పాటే వచ్చేది. నలభై ఏళ్లు దాటినా ఆ యంత్రాలు ఇవాళ ఆడుతున్నాయంటే, పటం చేతిలో ఉండటమే అందుకు పెద్ద కారణం.

కడగడమే మొదటి చికిత్స

సముద్రపు ఉప్పు తగిలిన బోర్డుకు చేయాల్సిన పనుల్లో మొదటిది కరెంటు తీసేయడం, రెండోది బ్యాటరీ ఉంటే తీసేయడం. ఆ తర్వాత కడగాలి. ఎలక్ట్రానిక్ బోర్డును నీటితో కడగమంటే చాలామంది జంకుతారు. కరెంటు లేనప్పుడు శుభ్రమైన నీరు బోర్డుకు హాని చేయదు. చాలా ఫ్యాక్టరీల్లో సోల్డరింగ్ అయ్యాక బోర్డులను నీటితోనే కడుగుతారు.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు థిన్నర్ పోయడం. థిన్నర్, పెట్రోలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జిడ్డును, సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్‌ను కరిగిస్తాయి. వంటింటి ఉప్పు వాటిలో దాదాపు కరగదు. బోర్డు తళతళలాడుతుంది, ఉప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఉద్దానంలో బోరు నీళ్లూ పనికిరావు. వాటిలోనూ లవణాలు ఉంటాయి, ఆరాక అవి బోర్డు మీదే మిగులుతాయి. ఇన్వర్టరు బ్యాటరీల్లో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. మెత్తటి బ్రష్‌తో, నీరు మార్చుకుంటూ రెండు మూడు సార్లు కడగాలి. చివరి కడుగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చేస్తే చిప్‌ల కింద దాక్కున్న నీటిని అది బయటికి తీసి తాను త్వరగా ఆవిరైపోతుంది. ఆల్కహాల్‌కు నిప్పు అంటుకుంటుంది కాబట్టి గాలి ఆడే చోట, మంటకు దూరంగా ఆ పని చేయాలి.

డిస్‌ప్లే ప్యానెల్, స్పీకరు, ట్రాన్స్‌ఫార్మర్, మూత సరిగా లేని రిలే వంటివి తడవకూడదు. ముందే విప్పి పక్కన పెట్టాలి. కడిగాక 50, 60 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరనివ్వాలి. పైకి పొడిగా కనిపించినా పెద్ద చిప్ కింద తేమ నిలుస్తుంది. తొందర అక్కడే ముంచుతుంది.

కడిగాక భూతద్దం పట్టుకుంటే సగం జబ్బులు కంటికే కనబడతాయి. రాగి ట్రాకు తెగి ఉంటే దాని మీది పూత గీకి, సన్నని వైరుతో జంపర్ వేస్తారు. కాలి చుట్టూ సోల్డర్‌లో సన్నని వలయంలా పగులు కనిపిస్తే అది డ్రై సోల్డర్. వేడెక్కి చల్లారడం వల్ల, అదురు వల్ల ఆ పగులు వస్తుంది. పిన్‌బాల్‌లో కాయిల్స్ కొట్టే దెబ్బలకూ, ఫ్యాక్టరీలో కటింగ్ యంత్రాల అదురుకూ, పడవలో ఇంజను అదురుకూ ఫలితం ఒకటే. పాత సోల్డర్ తీసి, ఫ్లక్స్ రాసి, కొత్తది పెట్టాలి. పగులు మీద కొత్త లెడ్డు పూస్తే కొన్నాళ్లకు అక్కడే విడుతుంది.

రిలే పక్కన చీమలు పెట్టిన గూడు, హీట్ సింక్ మీద మాడిన బల్లి కూడా తోటల్లోని స్టార్టరు పెట్టెల్లో కొత్త సంగతులు కావు. పెట్టెకు ఉన్న రంధ్రాలు మూయకుండా కొత్త బోర్డు పెట్టినా అదే జరుగుతుంది.

సిరీస్ బల్బులో భౌతికశాస్త్రం

శుభ్రం చేసిన బోర్డుకు నేరుగా 230 వోల్టులు ఇవ్వడం సాహసం. అనుభవమున్న మెకానిక్కు ముందు సిరీస్ బల్బు పెడతాడు. ఇంటి కరెంటుకూ యంత్రానికీ మధ్య పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి ఉంటుంది.

ఇందులోని సూత్రం తేలికైనది. 60 వాట్ల బల్బు ఫిలమెంటు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 880 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతుకు మించదు. బోర్డు బాగుంటే కెపాసిటర్ నిండేంత వరకూ బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది, చల్లబడ్డ ఫిలమెంటు కరెంటును దాదాపు యథాతథంగా వదులుతుంది. బోర్డులో షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, నిరోధం పెరిగి కరెంటును పావు ఆంపియరు దగ్గర ఆపేస్తుంది. ఫ్యూజు పోదు, ట్రాన్సిస్టరు పేలదు. ఎల్‌ఈడీ బల్బుతో ఇది సాధ్యం కాదు, దానికి ఈ గుణం లేదు.

ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉంటాయి. ఆ సంగతి తెలియనివారు పెట్టె విప్పకూడదు. తెలిసినవారు కూడా మీటరుతో చూసి, తగిన రెసిస్టరుతో దాన్ని ఖాళీ చేశాకే చెయ్యి పెడతారు.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తలకాయ ఉబ్బితే మార్చడమే. లోపలి ద్రవం వేడికి ఎండిపోవడం దాని సహజ మరణం. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గేకొద్దీ సుమారు రెట్టింపు కాలం బతుకుతుంది. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే ఆపకుండా నడిపితే మూడున్నరేళ్లకు కాస్త పైన. రేకుల షెడ్డు కింద, మూసిన పెట్టెలో, ఏప్రిల్ ఎండలో ఆ లెక్క సగానికి పడిపోతుంది. పెట్టెను నీడకు మార్చడం కూడా మరమ్మతులో భాగమే.

జీడిపిక్క నుంచి డయాలసిస్ దాకా

పలాస, కాశీబుగ్గల పేరు చెప్పగానే జీడిపప్పు గుర్తుకొస్తుంది. పిక్కలను ఉడకబెట్టి, కోసి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, గుండు, బద్ద, ముక్కగా విడదీస్తారు. రంగును బట్టి వేరుచేసే పనికి జీడిపప్పు పరిశ్రమ ఇప్పుడు కలర్ సార్టర్ యంత్రాలను వాడుతోంది. జారుతున్న పప్పును కెమెరా చూస్తుంది, ప్రాసెసర్ నిర్ణయిస్తుంది, సోలనాయిడ్ వాల్వు తెరుచుకుని గాలి దెబ్బతో మచ్చ పప్పును పక్కకు నెడుతుంది. ఉక్కు గుండు స్విచ్‌ను తాకగానే కాయిల్‌ను నడిపే పిన్‌బాల్ బోర్డు పనీ ఇదే క్రమం. జబ్బులూ ఒకటే. కాయిల్‌ను నడిపే ట్రాన్సిస్టరు షార్ట్ అయితే ఆ కాయిల్ ఆగకుండా లాగి, వేడెక్కి మాడుతుంది. అందుకే మాడిన కాయిల్ కనిపిస్తే దాన్ని మార్చే ముందు ట్రాన్సిస్టరును పరీక్షించాలి. లేకపోతే కొత్త కాయిల్ కూడా నిమిషాల్లో మాడుతుంది.

ఉద్దానంలో ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఆధారపడినవి వ్యాపారాలు మాత్రమే కావు. కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బుతో ఈ ప్రాంతం దశాబ్దాలుగా బాధపడుతోంది. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఊళ్లకు అందించే పథకమూ అదే రోజు మొదలైంది. ఆ నీటి పథకంలో పంపులున్నాయి, ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రాలున్నాయి. రెండింటికీ బోర్డులే ఆధారం.

డయాలసిస్ యంత్రం శుద్ధి చేసిన నీటిలో లవణాలు కలిపి, నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల ద్రవాన్ని నడుపుతుంది. నాలుగు గంటల్లో 120 లీటర్లు. ఆ ద్రవంలో లవణాలు సరిగ్గా ఉన్నాయో లేదో కనిపెట్టేది దాని విద్యుత్ వాహకత. అది సెంటీమీటరుకు 14 మిల్లీసీమెన్స్ దగ్గర ఉండాలి. సముద్రపు నీటి వాహకత 50 దాకా ఉంటుంది. కరెంటును మోసే ఉప్పునీటి గుణమే బయట బోర్డును చంపుతుంది, లోపల రోగిని కాపాడుతుంది.

ఇలాంటి యంత్రం బోర్డును దుకాణంలో కడిగి, జంపర్ వేసి తిరిగి పెట్టకూడదు. శిక్షణ పొందిన బయోమెడికల్ ఇంజనీరు మాత్రమే ముట్టుకోవాలి, కొలతలు సరిచూశాకే రోగికి కలపాలి. అలాంటి ఇంజనీర్లు, విడిభాగాలు ఉద్దానానికి దగ్గరలో ఉండటం మంచం, మందు ఉన్నంత అవసరం.

ముందు జాగ్రత్త, జీడిపిక్క నుంచే

కడిగి బాగుచేసిన బోర్డుకు మళ్లీ ఉప్పు తగలకుండా సన్నని పూత వేస్తారు. అక్రిలిక్, సిలికోన్, పాలీయురెథేన్ రకాలు ఉన్నాయి. అక్రిలిక్ స్ప్రే చవక, తర్వాత మరమ్మతు కావాలంటే సులభంగా తీసేయవచ్చు. పూత వేసే ముందు బోర్డు పూర్తిగా శుభ్రంగా, పొడిగా ఉండాలి. ఉప్పును లోపల పెట్టి పూత వేస్తే తుప్పు పూత కింద సాగుతుంది. కనెక్టర్లకు, స్విచ్‌లకు, వేడి వదలాల్సిన భాగాలకు టేపు వేసి పూత తగలకుండా చూడాలి.

ఉప్పుకు ఎదురు నిలిచే పూతల్లో ఒకదానికి ముడిసరుకు ఉద్దానంలోనే పుడుతోంది. జీడిపిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం ఎక్కువ. పిక్కలు కోసేవారి చేతులను కాల్చేది అదే. వేడి చేస్తే అది కార్డనాల్‌గా మారుతుంది. కార్డనాల్ నుంచి తయారయ్యే ఫినాల్కమైన్లు ఎపాక్సీని గట్టిపరుస్తాయి. తేమగా ఉన్న ఉపరితలం మీద కూడా బాగా పట్టుకుంటాయి కాబట్టి ఓడలకు, సముద్రతీర ఉక్కు కట్టడాలకు వేసే పూతల్లో వాటిని వాడతారు. చాలా సర్క్యూట్ బోర్డుల పలకను కట్టేదీ ఎపాక్సీయే. పెంకును పొయ్యిలో కాల్చేసే చోట ఈ రసాయనశాస్త్రం తెలిస్తే, దాని విలువ మరోలా కనబడుతుంది.

బాగుచేయనివ్వాలి

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పారేసింది. అందులో లెక్కకు అందేలా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. ఆ కుప్పలో మరమ్మతుకు లొంగే బోర్డులు ఎన్నో ఉంటాయి. పాత బోర్డుల్లో సీసం ఉంటుంది. వాటిని కాల్చి రాగి తీయడం గాలికీ, నేలకూ, కాల్చేవారి ఊపిరితిత్తులకూ హాని.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న దానికో పోర్టల్ మొదలైంది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో ఉన్నాయి. కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాలు ఇవ్వాలన్నది ఆశయం. బోరు స్టార్టరుకు, నీళ్ల ప్లాంటు కంట్రోలరుకు, తూకం యంత్రానికి సర్క్యూట్ పటం పెట్టె మూత లోపల అంటించి ఇవ్వడం కంపెనీకి భారం కాదు. అర్ధశతాబ్దం కింద ఒక ఆట యంత్రానికి ఇచ్చిన పటాన్ని ఇవాళ తాగునీటి యంత్రానికి ఇవ్వకపోవడం తప్పు.

ఈ జిల్లా ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో, టెక్కలిలోని ఇంజనీరింగ్ కాలేజీలో తీరప్రాంత బోర్డు మరమ్మతును పాఠంగా పెట్టాలి. ఉప్పు, క్షారం, ఆమ్లం తేడా, కడిగే పద్ధతి, సిరీస్ బల్బు, పూత అనే నాలుగు ప్రయోగాలు చేయిస్తే చాలు, ప్రతి తుపాను తర్వాతా వేలాది యంత్రాలు చెత్తకు వెళ్లకుండా ఆగుతాయి.

పాఠకులు తమంతట తాము పాటించగలిగినవి కొన్ని ఉన్నాయి. తుపాను హెచ్చరిక రాగానే అవసరం లేని యంత్రాల ప్లగ్గులు తీయండి. స్టార్టరు పెట్టె మూత బిగించండి. తీసే వీలున్న సెల్స్ తీసేయండి. యంత్రం తడిస్తే, ఎంత చిన్నదైనా, కడిగి ఆరబెట్టి మెకానిక్కు చూసే దాకా దానికి కరెంటు ఇవ్వకండి.